విప్పే ముందు గీసుకో

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకీ, మాకు చదువు చెప్పిన గురువులకీ, ముందు వరుసలో కూర్చున్న మన క్రాఫ్ట్ మాస్టారి సతీమణి అమ్మగారికీ, నా తోటి 1984 పదో తరగతి బ్యాచ్ వాళ్లకీ, మాకు ముందూ వెనకా చదివిన అందరికీ నమస్కారం.

కమిటీ వాళ్లు నన్ను "అమెరికా అనుభవాలు" చెప్పమన్నారు. ఉద్యోగం సంగతి అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ అనే ఊరు. చుట్టూ నూనె బావులు, పత్తి చేలు, ద్రాక్ష తోటలు. ఆ బావుల పంపులు, వాల్వులు బాగుచేయించే మెకానికల్ ఇంజనీర్ని. అంతే. అందుకని సాయంత్రాలు నేను చేసే పని గురించి చెబుతాను. నా దగ్గర పాతకాలపు ఎనిమిది తీగల పెడల్ స్టీల్ గిటార్లు రెండున్నాయి. మా ఆవిడ లెక్కలో మాత్రం అవి గిటార్లు కావు, గరాజులో కారుకి దక్కాల్సిన జాగా తినేసిన ఇనప సామాను.

గిటార్ అంటే మెడలో పట్టీ వేసుకుని నిలబడి వాయించేది అనుకుంటారు. ఇది అలాంటిది కాదు. నాలుగు కాళ్ల బల్లలా ఉంటుంది. ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. కుడిచేతి వేళ్లకి పిక్స్ తొడుక్కుని మీటుతూ, ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరపాలి. గోటువాద్యం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కొత్తదనమంతా కిందుంది. ఎడమకాలి కింద పెడల్స్ వరసగా ఉంటాయి. ఒక్కో పెడల్ తొక్కితే, దానికి కట్టిన తీగ మోగుతూ మోగుతూనే బిగిసి పై స్వరానికి వెళుతుంది. కుడికాలు శబ్దం పెంచే పెడల్ మీద ఉంటుంది. కొన్నిటికి మోకాళ్లతో నెట్టే మీటలు కూడా ఉంటాయి. దూరం నుంచి చూస్తే కుట్టు మిషను ముందు కూర్చున్న టైలరే.

ఈ వాద్యం పుట్టిల్లు హవాయి దీవులు. తీగల మీద ఉక్కుముక్క జరిపి వాయించే పద్ధతిని 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు కనిపెట్టాడంటారు. ఆ పద్ధతి మన దేశానికీ వచ్చింది. చిన్నప్పుడు రేడియోలో సినిమా పాటల్ని హవాయియన్ గిటార్ మీద వాయిస్తుంటే విన్నాం, గుర్తుందా? దానికి పెడల్స్ ఉండవు. పెడల్స్ తగిలించుకున్నది అమెరికాలో. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' అనే పాటలో బడ్ ఐజాక్స్ అనే ఆయన, తీగ ఇంకా మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని సాగదీశాడు. ఆ మూలుగు విన్నాక కంట్రీ సంగీతం వాయించే స్టీల్ గిటార్ వాళ్లంతా తమ గిటార్లకీ పెడల్స్ కావాలన్నారు.

1950ల చివర్లో లియో ఫెండర్ కంపెనీ రెండు రకాలు తెచ్చింది. ఎనిమిది తీగల మెడ ఒక్కటే ఉన్నది ఫెండర్ 400. అలాంటి మెడలు రెండు పక్కపక్కన ఉన్నది ఫెండర్ 1000. మా బేకర్స్‌ఫీల్డ్ పాటలకి ఆ తేనె చుక్క అద్దిన రాల్ఫ్ మూనీ వాయించింది ఫెండర్ 1000. ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్ బృందంలో స్నీకీ పీట్ క్లైనో వాయించింది ఫెండర్ 400. ఆ తర్వాత పది తీగలవి వచ్చి ఎనిమిది తీగలు పాతబడ్డాయి. ఇప్పుడు వీటిని వెతుక్కునేది నాలాంటి పిచ్చివాళ్లే.

నాలాంటి ఇంజనీరుకి దీని ఆకర్షణ అడుగుభాగంలో ఉంది. బోర్లించి చూస్తే అంతా సైకిల్ బ్రేకు వైర్ల సంసారం. పెడల్ నుంచి ఉక్కు కేబుల్ వచ్చి, కప్పీల మీదుగా వెళ్లి, తీగ చివరున్న మీటకి కొక్కెంతో తగులుతుంది. కొక్కెం ఇటు తగిలిస్తే తీగ బిగుస్తుంది, అటు తగిలిస్తే వదులవుతుంది. ఏ పెడల్‌కి ఏ తీగ అన్నది కంపెనీవాడు శాసించడు. వాయించేవాడు తన చెవికి తగ్గట్టు మార్చుకోవచ్చు. అందుకే ఏ రెండు పాత ఫెండర్లూ లోపల ఒక్కలా ఉండవు. ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరి బుర్ర ఉంటుంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ రోజు చెప్పాలనుకున్నది అదే.

2006లో ఒక ఇంటి ముందు సామాన్లు అమ్ముతుంటే ఫెండర్ 400 కనిపించింది. అమ్ముతున్నావిడ నా కంటే పదేళ్లు పెద్దది. వాళ్ల నాన్న పోయి ఆరు నెలలు. ఆయన పగలు పత్తి మిల్లులో పని, శనివారం రాత్రుళ్లు బార్లలో గిటార్. 700 డాలర్లకి ఇచ్చింది. కారు డిక్కీలో పెట్టడానికి సాయం పట్టి, "మా నాన్న సొంతంగా కట్టిన వాల్ట్జ్ ఒకటుంది. నేర్చుకుంటే నాకొకసారి వినిపించు" అంది. వాల్ట్జ్ అంటే మూడు లెక్కల నడక, మన తిశ్రం. ఆ బాణీని ఆవిడ అక్కడే రోడ్డు మీద నిలబడి కూనిరాగం తీసింది. ఎక్కడా రికార్డు లేదు. నా ఫోన్లో పెట్టుకోనూ లేదు.

ఇంటికి తెచ్చి బోర్లించాను. ఆరు పెడల్స్. కేబుళ్లు తుప్పు పట్టి ఉన్నాయి. మూడో పెడల్ అడుగున ఒక చెక్కముక్క, తోలు చుట్టి, జిగురుతో అంటించి ఉంది. దానివల్ల ఆ పెడల్ సగమే దిగుతోంది. "పాపం, ముసలాయన ఏదో అతుకులు వేసుకున్నాడు" అనుకున్నాను. ఒక్క ఆదివారంలో మొత్తం విప్పేశాను. చెక్కముక్క గీకి చెత్తబుట్టలో పారేశాను. కొత్త కేబుళ్లు వేసి, పుస్తకంలో ఉన్న పద్ధతిలో కొక్కేలు తగిలించాను. చట్రానికి రంధ్రం పెట్టకుండా, పట్టీతో బిగించే మోకాలి మీట ఒకటి నేనే చేసి అమర్చాను. బండి కొత్తదానిలా అయింది. గర్వంగా నలుగురికీ చూపించాను.

రెండేళ్లు సాధన చేశాక ఆవిడకి ఫోన్ చేశాను. వచ్చింది. వాల్ట్జ్ వాయించాను. చివరిదాకా మర్యాదగా విని, "స్వరాలన్నీ ఉన్నాయి. కానీ మా నాన్నది కాదు. మధ్యలో ఒకచోట మబ్బు కమ్మినట్టు అవుతుంది. అది రాలేదు" అంది. ఎక్కడో చెప్పమన్నాను. రెండో వరస చివర చూపించింది. అక్కడ నాకు తెలిసిన పెడల్స్ అన్నీ తొక్కి చూశాను. ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. వెళ్లిపోతూ, "ఫర్వాలేదు, గిటార్ మాత్రం బాగా మెరుస్తోంది" అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ రాత్రి మన క్రాఫ్ట్ గది గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో, ఆడపిల్లల కుట్టుపనికి తెచ్చిన మిషను దారం తెంపుతోందని, మాస్టారు లేని సమయం చూసి నేను విప్పాను. మళ్లీ బిగిస్తే మూడు మరలు మిగిలాయి. మా బ్యాచ్ వాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకి గుర్తుంది. దెబ్బలు పడతాయనుకున్నా. మాస్టారు కొట్టలేదు. కాగితం, పెన్సిలు చేతిలో పెట్టి, "విప్పే ముందు గీసుకోరా. ఎవడో ఆలోచించి బిగించాడు దాన్ని. ఎందుకు బిగించాడో తెలిసేదాకా దాని మీద చెయ్యి వెయ్యకు" అన్నారు. సాయంత్రం అయిదింటిదాకా నా చేతే బొమ్మ గీయించి, నా చేతే బిగించారు. ఆ పాఠంతోనే ఇంజనీర్నయ్యాను. నూనె బావి దగ్గర ఒక్క వాల్వు విప్పాలన్నా ముందు ఫొటో తీయిస్తాను. ఇంట్లో గిటార్ దగ్గరికొచ్చేసరికి, అవతలివాడు పత్తి మిల్లు కూలీ అనేసరికి, గీసుకోవాలని తోచలేదు. ఇది మతిమరుపు కాదు. ఆయనకి తెలియదు, నాకు తెలుసు అనే పొగరు.

మర్నాడు గిటార్ మళ్లీ బోర్లించాను. ఈసారి చేత్తో కాదు, కళ్లతో. పెడల్స్ మీద అరుగుదల ఉంది కదా, అది చెరగదు. మొదటి పెడల్ కుడి అంచు అరిగింది. రెండోది అడ్డంగా మొత్తం అరిగింది. మూడోది ఎడమ అంచు మాత్రమే అరిగింది. అంటే ఆయన పాదం ఒకసారి ఒకటీ రెండూ కలిపి తొక్కింది, ఒకసారి రెండూ మూడూ కలిపి తొక్కింది. మూడో దాని అడుగున జిగురు మచ్చ ఇంకా ఉంది.

సంగీతం తెలిసినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, తెలియనివాళ్లు ఓపిక పట్టండి. ఈ తీగలు మామూలుగా మన శంకరాభరణంలో స–గ–ప కలిపి మోగినట్టు ఉంటాయి. మొదటి పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి లాగుతుంది, రెండోది గాంధారాన్ని మధ్యమానికి లాగుతుంది. రెండూ తొక్కితే స–మ–ద. నిండుగా, ఎండ కాసినట్టు ఉంటుంది. ప్రపంచంలో పెడల్ స్టీల్ వాయించేవాళ్లంతా రోజూ చేసేది ఇదే. ఇప్పుడు అదే పంచమం తీగని మూడో పెడల్‌కి కూడా కట్టి, అది సగమే దిగేటట్టు కింద చెక్క పెడితే? పంచమం ఒక్క మెట్టే ఎక్కి శుద్ధ ధైవతం దగ్గర ఆగుతుంది. స–మ–ద మళ్లీ వస్తుంది, కానీ ఈసారి చిన్న ధైవతంతో. ఎండ పోయి మబ్బు కమ్ముతుంది. ఈ పాత ఫెండర్లో ఒక తీగ ఎంత బిగియాలన్న హద్దు ఒక్కటే. రెండు పెడల్స్‌తో రెండు హద్దులు కావాలంటే పెడల్‌నే సగంలో ఆపాలి. ఫ్యాక్టరీ ఇవ్వనిదాన్ని ఆయన అంగుళం చెక్కతో, చెప్పు తోలుతో సాధించాడు. దాన్ని నేను అతుకు అనుకుని పారేశాను.

కొత్త చెక్కముక్క చెక్కడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మందమైతే స్వరం అందదు, పలచనైతే దాటిపోతుంది. ఆకురాయితో రెండు రాపులు, బిగించి వినడం, మళ్లీ రెండు రాపులు. ఆకురాయి ఎలా పట్టుకోవాలో ఈ బడిలోనే నేర్చుకున్నాను, అమ్మగారూ.

ఆవిడని మళ్లీ పిలిచాను. రెండో వరస చివర రెండూ మూడూ కలిపి తొక్కాను. ఆవిడ ఏమీ అనలేదు. "ఇంకోసారి" అంది. ఆ సాయంత్రం అదొక్కటే ఏడెనిమిది సార్లు వాయించాను.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. వెళ్లబోతూ ఆవిడ, "నాన్న క్రిస్మస్‌కి వాయించేది ఇంకొకటుంది. దాంట్లో చివరి పెడల్ తొక్కేవాడు" అంది. నాలుగు, అయిదు పెడల్స్ అరుగుదల చూసి ఏదో ఊహించి కట్టుకున్నాను. ఆరోదాన్ని ఏ తీగకి కట్టాడో, ఎంత లాగాడో ఎక్కడా ఆనవాలు లేదు. అది తెలిసిన కేబుల్ని నేనే తెంపాను. ఇప్పటికీ ఆ పెడల్ దేనికీ కట్టలేదు. ఖాళీగా ఉంచాను, నాకు గుర్తుండటానికి.

తర్వాత కొన్న ఫెండర్ 1000కి మాత్రం మొదటి వారం చెయ్యి వెయ్యలేదు. ముందు బొమ్మ గీశాను. ఏ పెడల్ ఏ తీగని ఎంత లాగుతోందో రాసుకున్నాను. ఫొటోలు తీశాను. తీసిన ప్రతి భాగాన్నీ కవర్లో పెట్టి చీటీ అంటించాను. మార్పులు చేయొద్దని నేననను. వాయించకుండా అద్దాల బీరువాలో పెడితే అది వాద్యం కాదు, శవం. తుప్పు కేబుళ్లు మార్చాలి, మోకాలి మీటలు పెట్టుకోవాలి. స్నీకీ పీట్ కూడా తన 400ని తనకి కావలసినట్టు మార్చుకున్నాడు. కానీ నా తర్వాత వచ్చేవాడు కావాలంటే వెనక్కి తిప్పుకోగలగాలి. అందుకే రంధ్రం పెట్టను, పాతది పారేయను, కాగితం పెట్టెలోనే ఉంచుతాను.

నిన్న మన బడి అంతా తిరిగాను. క్రాఫ్ట్ గదికి తాళం. కిటికీలోంచి చూస్తే విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. కమిటీ కొత్త కంప్యూటర్ గది కడుతోంది, చాలా సంతోషం. దానికి నా వంతు చందా ఇచ్చేశాను. దానితోపాటు ఇంకో చిన్న కోరిక. ఆ క్రాఫ్ట్ గది తాళం తీయించండి. ఒక గట్టి బల్ల, బెంచి వైసు, ఆకురాళ్లు, రంపాలు, స్క్రూ డ్రైవర్లు, పాడైపోయిన ఫ్యాన్లూ మిక్సీలూ కుట్టు మిషన్లూ కొన్ని. పిల్లలు వాటిని విప్పాలి. ఖర్చు మొత్తం నాది. నేర్పడానికి ఏటా ఒక నెల వచ్చి కూర్చుంటాను.

ఆ బల్ల మీద ఒక కట్ట తెల్ల కాగితాలు, డజను పెన్సిళ్లు కూడా పెట్టించండి. స్క్రూ డ్రైవర్ ముట్టుకునే ముందు వాళ్లు అవే తీసుకోవాలి.