తెరమీది ముఖము: కాంచనమాల



ముఖమును చూపజాలని రేడియోలో ఒక ముఖమును గురించి ప్రసంగించుట సాహసమే. లింగాల ఘనపూరులో ఈ ప్రసంగమును వినుచున్న యువతకు కాంచనమాల పేరు క్రొత్తగా తోచవచ్చును. వారి తాతముత్తాతల కాలమున ఆమె తెలుగు తెరకు తొలి అందాల రాణి.

ఫ్రాన్సు దేశపు బ్రిజిట్ బార్డో 1956లో ఒక్క చిత్రముతో లోకప్రసిద్ధి పొందినది. తెర సృష్టించిన రూపము మనిషిని మించి పెరుగునన్న సంగతి అంతకు 18 ఏండ్ల పూర్వమే మనకు అనుభవమునకు వచ్చినది.

1938లో కాంచనమాల రెండు భిన్నరూపములతో కనిపించినది. హెచ్.ఎం. రెడ్డిగారి ‘గృహలక్ష్మి’లో ఆమె మాధురి అను నర్తకి, ఇల్లాలి పాత్ర కన్నాంబది. అందము అందు కాపురమును కూల్చు నిప్పు. గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’లో అదే అందము వేరొక పని చేసినది. చలముగారి కథ, తాపీ ధర్మారావుగారి సంభాషణలు గల ఆ చిత్రములో ఆమె అంటరానిదిగా ఎంచబడిన పిల్ల. బ్రాహ్మణ యువకుని ప్రేమించిన పిల్ల. టిక్కెట్టు కొని ఆమెను మెచ్చుకొన్న పెద్దమనిషి, ఇంటికి వచ్చి అటువంటి పిల్లనే గుమ్మము వెలుపల నిలుపుట ఎట్లు? చిత్రము అతనిని ఆ ఇరకాటమున పడవేసినది.

అయితే ఒక సందేహము మిగులును. ఆ పిల్ల అందగత్తె కాకున్నచో గుడిలో అడుగిడుటకు అర్హురాలు కాదా? సౌందర్యము తలుపు తట్టగలదు. తలుపు తెరువవలసినది న్యాయబుద్ధియే.

తరువాత 1939లో నాగయ్యగారితో ‘వందేమాతరం’, 1942లో ‘బాలనాగమ్మ’ వచ్చినవి. క్యాలెండర్లపై ఆమె బొమ్మ ఇంటింటి గోడ నలంకరించినది. ‘బాలనాగమ్మ’ అంతటి విజయము తరువాత పదేండ్లకు పైగా ఆమె తెరపై కానరాలేదు. 1953లో ‘నర్తన మురళి’లో కనిపించి, మరల మరుగైనది. 1981లో కన్నుమూసినది.

గోడమీది బొమ్మను ఎందరో చూచినారు. ఆ బొమ్మ వెనుకనున్న మనిషి ఎట్లున్నదని అడిగినవారెందరు? ‘మాలపిల్ల’ చిత్రమును చూచు అవకాశము లభించినవారు, ఆ కన్నులను మెచ్చుకొనుటతోపాటు, అవి మనలను అడుగుచున్న ప్రశ్నను కూడ వినవలెనని నా మనవి.