సముద్ర స్పంజికలు : ఆకృతి, ద్రవ్యము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



కావ్యములతోడనే కాలము గడపిన నాకు శాస్త్రగ్రంథములయందు రుచి కల్పించినది మన గ్రంథాలయమే. కావున నీ రజతోత్సవ సమయమున సముద్రమందలి స్పంజికలనుగూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందును.

స్పంజిక చూపునకు మొక్కవలె రాతి నంటియుండును. కాని యది జంతువు. దానికి నోరు లేదు, ఉదరము లేదు, నాడులు లేవు. ఒడలెల్ల సూక్ష్మరంధ్రములే. వానిగుండ నీరు లోనికి జొచ్చి, సన్నని కాలువలలో ప్రవహించి, పెద్ద ద్వారమున వెలువడును. కొరడావంటి తోకలు గల కణములు ఆ ప్రవాహమును నడపుచు నందలి యాహారమును గ్రహించును. 1825 ప్రాంతమున స్కాట్లండు పండితుడు రాబర్ట్ గ్రాంటు దీనిని పరిశీలించి వర్ణించెను. ఒంటి సంచివలె నుండునవి కొన్ని. గోడలు మడతలు పడి వేలకొలది గదులు గలవి కొన్ని. గదులు పెరిగినకొలది నీటిని వడగట్టు శక్తియు పెరుగును.

పూర్వము భూముల సెటిల్మెంటునందు గట్టును జూచి కాక మన్నును పరీక్షించి తరము నిర్ణయించెడివారు. స్పంజికలను విభజించుటకును లోపలి ద్రవ్యమే ముఖ్యాధారము. ఒక తెగయందు దేహమును నిలుపు కంటకములు సున్నపు ద్రవ్యమగు కాల్షియం కార్బొనేటుతో నేర్పడినవి. లోతునీట నుండు గాజు స్పంజికలకు ఆరు మొనల సిలికా కంటకములు గలవు. ‘వీనస్ పూలబుట్ట’ యనునది గాజుపోగులతో నల్లిన జల్లెడవలె నుండును. వినిగరువంటి ఆమ్లము తగిలిన సున్నపు కంటకము నురుగులెత్తి కరగును. సిలికా కంటకము చెక్కుచెదరదు. మూడవ తెగ మిక్కిలి పెద్దది. అందు సిలికా కంటకములుగాని, స్పాంజిన్ అను మాంసకృత్తు నారగాని, రెండునుగాని యుండును. స్నానపు స్పంజికకు నార తప్ప కంటకములు లేవు. కనుకనే యది మెత్తన.

పరుగిడ లేని, కరవ లేని యీ ప్రాణికి రక్ష యేమి? పెక్కు స్పంజికలు శత్రువులు సహింపలేని రసాయనములను దాల్చియుండును. కొన్నింటిని వానియందు నివసించు సూక్ష్మజీవులే కల్పించును. 1950వ దశకారంభమున వెర్నర్ బెర్గ్మన్ ఫ్లోరిడా తీరపు స్పంజికనుండి అపూర్వ పదార్థములను వేరుచేసెను. వాని పోలికను నిర్మింపబడిన సైటరాబిన్ 1969లో అమెరికాలో ఆమోదము పొంది, రక్తపు క్యాన్సరు రోగులకు నేటికిని ప్రాణాధారమగుచున్నది. జపాను స్పంజికనుండి 1986లో వెల్లడియైన హాలికాండ్రిన్ ననుసరించి చేసిన ఎరిబులిన్ 2010లో రొమ్ము క్యాన్సరునకు మందై వచ్చెను.

ఇంతవరకు పేరుపెట్టబడిన స్పంజికలు సుమారు తొమ్మిదివేలు. అందెన్నింటి గుణము లింకను పరీక్షింపబడలేదో! సముద్రమును చెరచుకొన్న, చదువకమున్నే గ్రంథములను కాల్చుకొన్నట్లగును. మన యువకులు శాస్త్రపు బీరువాను తరచుగా తెరతురుగాక యని కోరుచున్నాను.