జేబులో ఉండిపోయిన అర్జీ

(ఉద్యోగ విరమణ చేసిన ముస్లిం సోదరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు ఇచ్చిన అంశం ‘రాజకీయ సభలలో మన పాత్ర’. పదేళ్ళ క్రితమైతే ఈ అంశంపై గంటసేపు అనర్గళంగా మాట్లాడి ఉండేవారము. నేడు మాత్రం ఆ సభలలో మన మనసుకు ఏమి జరుగుతున్నదో చెప్పదలచుకున్నాము. దీనిని గురించి మనలో ఎవరూ పెదవి విప్పరు.

మా బృందంలో ఐదుగురము. అందరమూ పింఛనుదారులమే. అర్జీలు రాయడం, పిల్లల దరఖాస్తులు నింపడం, నాయకుడెవరైనా ఊరికి వచ్చినప్పుడు వెళ్ళి ముందు వరుసలో కూర్చోవడం మా పని. 2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదికను సమర్పించినప్పుడు మేమింకా ఉద్యోగాలలో ఉన్నాము. ఆ తరువాత ఏ పార్టీ సభకు వెళ్ళినా అదే నివేదిక. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం, అక్షరాస్యతలో జాతీయ సగటు 65.1 శాతమైతే ముస్లింలది 59.1 శాతం, ఐ.ఏ.ఎస్.లో మన వాటా 3 శాతం. మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. మన బాధను ప్రభుత్వమే కాగితం మీద పెట్టినది కదా అని సంతోషించాము.

కాని అదే లెక్క పదోసారి, ఇరవయ్యోసారి విన్నప్పుడు మనిషికి ఏమవుతుంది? వేదిక మీద నుండి ఎవరో ఒకరు “ముస్లింల స్థితి అత్యంత దయనీయం” అంటారు. మనము చప్పట్లు కొడతాము. మన దయనీయతకు మనమే చప్పట్లు! ధైర్యంగా ఉన్నవాడికి ఆ మాట కోపం తెప్పిస్తుంది, కోపం వాడిని పనికి పురికొల్పుతుంది. అప్పటికే మనసు కుంగి ఉన్నవాడు మాత్రం ఆ మాటను తీర్పుగా స్వీకరిస్తాడు. తాను ఇంతే, తన పిల్లలు ఇంతే అని నమ్ముతాడు.

మాలో ఒకరికి అదే జరిగింది. ఆ ఒకరు ఎవరో దాచడమెందుకు? మీ ఎదుట నిలబడి మాట్లాడుతున్న వ్యక్తే.

భార్య మరణించిన ఏడాది అది. రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చేది. తహజ్జుద్ కోసం లేచారనుకుని ఇంట్లోవారు మురిసిపోయేవారు. నిజానికి నిద్ర పట్టక మంచం మీద కూర్చునేవారము. అన్నం ఎదురుగా ఉన్నా చెయ్యి కదిలేది కాదు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన మనిషికి పింఛను పత్రం ఒకటి నింపడానికి నాలుగు రోజులు పట్టింది. అయినా సభలకు వెళ్ళడం మానలేదు. ఇంట్లో ఉండలేక వెళ్ళేవారము. అక్కడ కూడా ఉండలేకపోయేవారము.

ఆ రోజులలోనే మా పేటకు ఒక నాయకుడు వచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు చదివే మైనారిటీ పిల్లలకు ప్రీమెట్రిక్ ఉపకారవేతనం నిలిపివేసింది. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతులకు చదువు ఉచితమే కదా అన్నది వారు చెప్పిన కారణం. బడి ఉచితమే. బూట్లు, నోటు పుస్తకాలు, ఆటో కిరాయి ఉచితం కావు. ఆ లోటును రాష్ట్రమైనా పూడ్చాలని కోరుతూ అర్జీ రాశాము. నూటికి పైగా తల్లుల సంతకాలు, కొన్ని వేలిముద్రలు. ఇంటింటికీ తిరిగి సేకరించినవి. ఆ కాగితం మా షేర్వానీ జేబులో ఉన్నది.

ప్రసంగం ముగించి నాయకుడు, “మీలో ఎవరైనా చెప్పదలచినది ఉంటే చెప్పండి” అన్నారు. అంత మాట అనే నాయకులు అరుదు, ఒప్పుకోవాలి. మైకు పట్టుకున్న కుర్రవాడు మా పేరు పిలిచాడు. మేము లేవలేదు. కాళ్ళలో సత్తువ లేదని కాదు. లేచి ఏం లాభం అన్న మాట తప్ప తలలో మరొకటి మిగలలేదు. రెండోసారి పిలిచాడు. తల వంచుకున్నాము. ఎవరో లేచి శ్మశానం ప్రహరీ గోడ గురించి అడిగారు, నాయకుడు కారెక్కారు. నూరుమంది తల్లుల సంతకాలు మా జేబులోనే ఇంటికి వచ్చాయి.

మెట్ల దగ్గర మా మిత్రుడు, ఉర్దూ పండితుడిగా పదవీ విరమణ చేసినవారు, చెయ్యి పట్టుకుని అడిగారు: “క్యా హువా భాయ్? తబియత్ ఠీక్ నై క్యా?” ఏడాదిలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాము. చెప్పుల దగ్గర నిలబడినవారందరూ చూశారు. చూస్తే చూశారు.

తరువాత చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. ఒకరు తాయెత్తు కట్టమన్నారు. ఒకరు ఈమాన్ బలహీనపడిందన్నారు. ఆ రెండో మాట మమ్మల్ని ఎక్కువగా గాయపరచింది. హజ్రత్ ఖదీజా, అబూ తాలిబ్ ఒకే ఏడాది మరణించినప్పుడు, ఆ సంవత్సరానికి చరిత్రలో దుఃఖ సంవత్సరమన్న పేరే స్థిరపడింది. మహాప్రవక్త వారి దుఃఖానికి పేరు పెట్టుకున్న మనము, పొరుగింటివాడి దుఃఖానికి మాత్రం విశ్వాస పరీక్ష పెడతాము.

మిత్రుడే మమ్మల్ని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళారు. కొన్ని నెలలు మందులు వాడాము. డాక్టరుతో మాట్లాడాము. మొదట నిద్ర వచ్చింది, ఆ తరువాత ఆకలి, చాలా ఆలస్యంగా ఆసక్తి. హక్కుల గురించి ఇంత మాట్లాడే మనకు ఒక సంగతి తెలియదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ సేవలలో మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తికీ హక్కు. ఆసుపత్రికి వెళ్ళడానికి సిగ్గుపడేవారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు నుండి నడుస్తున్నది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇప్పుడు మళ్ళీ సభలకు వెళ్తున్నాము. కాని వినే పద్ధతి మారింది. ప్రసంగంలో విశేషణాలను వదిలివేస్తాము. గుమాస్తా బుద్ధి కదా, జీవో నంబరు, తేదీ, బడ్జెట్ పద్దు మాత్రమే రాసుకుంటాము. అరగంట ప్రసంగంలో ఒక్కటీ దొరకకపోతే, ఆ సభ మన గురించి కాదని అర్థం చేసుకుని, దిగులు పడకుండా టీ తాగి వస్తాము. నాలుగు శాతం రిజర్వేషన్ల సంగతి గుర్తుకు తెచ్చుకోండి. 2004లో, 2005లో ఐదు శాతం ఇస్తే హైకోర్టు రెండుసార్లూ కొట్టివేసింది. 2007లో పధ్నాలుగు వర్గాలకు నాలుగు శాతం చట్టం వచ్చింది. 2010లో దానినీ హైకోర్టు కొట్టివేసింది. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఆ వారాలలో మా ఇంటి ముందు తండ్రులు వరుసగా నిలబడి, సీటు ఉంటుందా పోతుందా అని అడిగారు. వారికి ఉపయోగపడింది ఏ నాయకుడి ఉపన్యాసమూ కాదు, చేతిలో ఉన్న కుల ధ్రువీకరణ పత్రం.

మరొక మార్పు కూడా చేసుకున్నాము. అర్జీ ఒక్కరి జేబులో ఉండదు. మూడు ప్రతులు ముగ్గురి దగ్గర ఉంటాయి. మర్నాడు ఒకరు ఆఫీసుకు వెళ్ళి ఇన్‌వార్డు నంబరు వేయించుకుని వస్తారు. ఆ తల్లుల అర్జీకి అలాగే నంబరు వేయించాము, ఎనిమిది నెలలు ఆలస్యంగా. జవాబు ఇంకా రాలేదు. రెండుసార్లు గుర్తుచేస్తూ లేఖ రాశాము, మూడోది రాయవలసి ఉన్నది.

వచ్చే ఆదివారం ఇక్కడి షాదీఖానాలో మరొక సభ ఉన్నది. అసర్ నమాజు తరువాత మసీదు గేటు దగ్గర కలుసుకుంటాము. ఆ రోజు మనసు బాగుండక రాలేననిపించినవారు ముందుగా మాతో ఒక్క మాట చెప్పండి. కారణం అడగము. మీ వంతు ప్రతి మేము పట్టుకెళ్తాము, సభ ముగిశాక మీ ఇంటికి వచ్చి టీ తాగుతాము.