సుబాబుల్ చిగురులో గెంతే పురుగు: పత్తి నేర్పిన పాఠం మరవొద్దు



పత్తి, మిరప పురుగుల గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ మెట్ట చేలల్లో వేసిన సుబాబుల్ సంగతి చూద్దాం. చలి మొదలయ్యాక లేత చిగుళ్లు ముడుచుకుని, పసుపు రంగుకు తిరిగి రాలుతుంటే తెగులు అనుకుంటున్నాం. తెగులు కాదు. కొమ్మ కదిపి చూడండి, నువ్వుగింజ కంటే చిన్న పురుగులు గెంతుతాయి. దీన్ని సిల్లిడ్ అంటారు. మన పేనుబంకకు దగ్గర చుట్టం. పెద్ద పురుగులూ పిల్ల పురుగులూ చిగురు రసమే పీలుస్తాయి. అవి వదిలే జిగురు మీద నల్లటి మసి పడుతుంది.

ఇది సుబాబుల్ పుట్టిన మధ్య అమెరికా వైపు పురుగు. 1984లో హవాయి దీవుల్లో, ఆ తర్వాత ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో, 1988లో మన దేశంలో బయటపడింది.

సరిగ్గా అప్పుడే మన పత్తికి ఏమైందో పెద్దవాళ్లకు గుర్తుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం చేలను తెల్లదోమ ముంచింది. మందు మీద మందు కొట్టాం. మేలు చేసే పురుగులు చచ్చాయి, తెల్లదోమ పెరిగింది, అప్పులూ పెరిగాయి. ఎందరో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు.

సుబాబుల్‌లో మళ్లీ ఆ తప్పు చేయొద్దు. ఈ పురుగుకు చెట్టు సాధారణంగా చావదు. ఎండలు ముదిరితే పురుగు తగ్గి, మళ్లీ చిగురేస్తుంది. అంత ఎత్తు చెట్లకు మందు కొడితే ఖర్చు కూడా రాదు. పైగా ఆ ఆకు మన గొర్రెలు, మేకలు తింటాయి. అక్షింతల పురుగులు, సాలీళ్లు సిల్లిడ్‌ను తింటాయి, వాటిని బతకనిద్దాం. 1988లోనే ఈ పని కోసం ఒక రకం అక్షింతల పురుగును థాయ్‌లాండ్ నుంచి తెప్పించారు. లేత మొక్కల మీద ఉధృతి ఎక్కువైతే 5 శాతం వేపగింజల కషాయం చాలు.

అలాగని నష్టం లేదనం. కర్రను టన్నుల్లో తూకమేసి అమ్ముతాం. ఎదుగుదల ఆగితే తూకం తగ్గుతుంది, నరుకుడు వెనక్కిపోతుంది. కౌలు, వడ్డీ మాత్రం ఆగవు.

2021లో మన మిరపను ఊడ్చేసిన నల్ల తామరపురుగు కూడా బయటి దేశాలదే. ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో మొక్కల తనిఖీ రైతు చేతిలో లేదు, అది కేంద్రం బాధ్యత. అక్కడ కాపలా తప్పితే ఇక్కడ నష్టం మనమే ఎందుకు భరించాలి? బయటి పురుగుతో పోయిన పంటకు పరిహారం ఇవ్వాలి, కౌలు రైతుకూ ఇవ్వాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ చలికాలం ఏ చేలో ఎప్పుడు చిగురు రాలిందో రాసిపెట్టాలి. వ్యవసాయాధికారి దగ్గరకు ఆ లెక్కతోనే వెళ్దాం. లెక్క చేతిలో ఉంటేనే మన మాట నిలుస్తుంది.