కంప్యూటరులో తెలియని ప్రోగ్రాము: పేరు చూసి నమ్మవద్దు, పేరు చూసి తీసివేయవద్దు

(పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు దాణా గురించి గానీ, ఆడిట్ అభ్యంతరాల గురించి గానీ నేను మాట్లాడబోవడం లేదు. పాల కేంద్రంలో కాంటా పక్కన ఉండే కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. "అది కార్యదర్శిగారి పని, మాకెందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మీరు పోసిన పాలు ఎన్ని లీటర్లు, వెన్న శాతమెంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, మీకు రావలసిన సొమ్మెంత అన్న లెక్క నేడు చాలా సంఘాలలో ఆ పెట్టెలోనే ఉంటున్నది. చెల్లింపులు బ్యాంకు ద్వారా జరిగేచోట మీ ఖాతా నంబర్లు కూడా అందులోనే ఉంటాయి. కనుక ఆ పెట్టె క్షేమం మీ అందరి పని.

తనిఖీకి వెళ్ళినప్పుడు కార్యదర్శులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "కంప్యూటరు నెమ్మదిగా నడుస్తున్నదండీ. టాస్క్ మేనేజరు తెరిస్తే ఎన్నడూ వినని పేర్లు కనబడుతున్నాయి. అవి మంచివా, వైరసా?" అని.

విండోస్ కంప్యూటరులో మనం తెరిచిన ప్రోగ్రాములే కాక, మన కంటికి కనబడకుండా వెనుక నడిచేవి పదుల సంఖ్యలో ఉంటాయి. ఒకటి ప్రింటరును చూసుకుంటుంది, ఒకటి గడియారాన్ని సరిచేస్తుంది, ఒకటి వైరసు కోసం కాపలా కాస్తుంది. ఉదాహరణకు 'ఎస్‌విసి హోస్ట్' అనే పేరు చాలాసార్లు కనబడుతుంది. అది చూసి గాభరా పడవలసిన పని లేదు. విండోస్ సేవలను నడిపించేది అదే. 2017 నుండి విండోస్ 10లో, మెమరీ తగినంత ఉన్న యంత్రాలలో ఒక్కొక్క సేవను విడివిడిగా నడుపుతున్నారు కనుక ఆ పేరు మరింత ఎక్కువసార్లు కనబడుతున్నది.

అయితే దొంగ ప్రోగ్రాములు కూడా ఇటువంటి పేర్లే పెట్టుకుంటాయి. 2017 మే నెలలో వానాక్రై అనే వైరసు అనేక దేశాలలో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. అది మైక్రోసాఫ్ట్ వారి భద్రతా కేంద్రపు సేవ అనే అర్థం వచ్చే పేరుతో యంత్రంలో తిష్ట వేసింది. దొంగ పోలీసు దుస్తులు వేసుకుని వచ్చినట్లన్నమాట. కనుక పేరు ఒక్కటే చూసి ఏదీ తేల్చరాదు. ఏ విధంగా పరీక్షించాలో వరుసగా మనవి చేస్తాను.

మొదటిది, పేరును అక్షరం అక్షరం రిజిస్టరులో వ్రాసుకోవడం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. అనుమానం ఉన్న పేరు, తేదీ, వేళ వ్రాయండి. అసలు పేరులో ఎస్, వి, సి అని వరుస ఉంటే, నకిలీలో ఎస్, సి, వి అని తారుమారై ఉండవచ్చు. చిన్న 'ఎల్' ఉండవలసిన చోట పెద్ద 'ఐ' ఉండవచ్చు. కంటితో చూసి దాటవేస్తే ఇవి పట్టుబడవు.

రెండవది, చిరునామా. ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే, ఆ ప్రోగ్రాము ఏ ఫోల్డరు నుండి నడుస్తున్నదో తెలుస్తుంది. ఎస్‌విసి హోస్ట్, ఎల్‌సాస్, సిఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ వంటి విండోస్ సొంత ప్రోగ్రాములు సి డ్రైవులో విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32లో ఉంటాయి. 'ఎక్స్‌ప్లోరర్' మాత్రం నేరుగా విండోస్ ఫోల్డరులో ఉంటుంది. ఈ పేర్లు గలది టెంప్ ఫోల్డరులోనో, డౌన్‌లోడ్స్‌లోనో, పెన్‌డ్రైవులోనో కనబడితే గట్టిగా అనుమానించండి. అలాగని సిస్టమ్32లో లేనివన్నీ దొంగవి కావు. విండోస్ వారి కాపలా ప్రోగ్రాము డిఫెండర్ కూడా సాధారణంగా 'ప్రోగ్రామ్ డేటా' అనే వేరే ఫోల్డరు నుండే నడుస్తుంది.

మూడవది, సంతకం. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' తెరవండి. 'డిజిటల్ సిగ్నేచర్స్' అనే భాగం ఉంటే, దానిని తయారుచేసిన కంపెనీ పేరు అందులో ఉంటుంది. 'డీటెయిల్స్' నొక్కి, సంతకం సరిగా ఉన్నదో లేదో చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. విండోస్ సొంత ఫైళ్ళు కొన్నింటికి సంతకం వేరే జాబితాలో ఉంటుంది. వాటికి ఈ భాగం కనబడదు. అందుకని మైక్రోసాఫ్ట్ వారే ఉచితంగా ఇచ్చే 'ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్' అనే పరికరాన్ని వాడడం మేలు. అది రెండు రకాల సంతకాలనూ సరిచూస్తుంది. దానిని మైక్రోసాఫ్ట్ సైటు నుండే తెచ్చుకోవాలి గాని, మరెక్కడి నుండీ తీసుకోరాదు.

సంతకం ఉంటే ఇక నిశ్చింతేనా? కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరసుకు రియల్‌టెక్, జెమైక్రాన్ అనే పేరున్న కంపెనీల నుండి దొంగిలించిన సంతకాలు ఉన్నాయి. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పాలలో వెన్న తీసి, దానికి తగినన్ని నీళ్ళు కలిపితే లాక్టోమీటరు ఒక్కటే దానిని పట్టుకోలేదు. అందుకే వెన్న పరీక్ష కూడా చేస్తున్నాం. ఇక్కడా అంతే, ఏ ఒక్క పరీక్షా చాలదు.

నాల్గవది, వైరసు పరీక్ష. ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. ఇంకా అనుమానం తీరకపోతే 'ఆఫ్‌లైన్ స్కాన్' ఉన్నది. అది యంత్రాన్ని తిరిగి ప్రారంభించి, విండోస్ పూర్తిగా లేవకముందే సోదా చేస్తుంది. దాదాపు పదిహేను నిమిషాలు పడుతుంది. ఉదయం పాల వేళ కాకుండా మధ్యాహ్నం పెట్టుకోండి. 'వైరస్‌టోటల్' అనే సైటులో ఒకే ఫైలును పలు కంపెనీల వైరసు పరికరాలు పరీక్షిస్తాయి. వాటిలో ఒకటి రెండు మాత్రమే తప్పంటే పొరపాటు కావచ్చు, ఎక్కువ భాగం తప్పంటే నమ్మవలసిందే. అయితే అక్కడ పెట్టిన ఫైలు ఇతరుల చేతికీ పోతుంది. ప్రోగ్రాము ఫైలును మాత్రమే పెట్టండి, సభ్యుల ఖాతాల ఫైలును ఎన్నడూ పెట్టవద్దు.

ఇక చేయకూడనివి చెబుతాను. తెలియని పేరు కనబడగానే తీసివేయవద్దు. ఒక సంఘంలో ఇలాగే జరిగింది. ఎవరో కుర్రవాడు అనుమానంతో ఒక ప్రోగ్రామును తీసివేశాడు. అది కాంటా నుండి, పాల పరీక్ష యంత్రం నుండి లెక్కను కంప్యూటరుకు అందించే ప్రోగ్రాము. మరునాడు ఉదయం క్యూలో నిలబడినవారికి కాగితం మీద చీటీలు వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. పాల లెక్క ప్రోగ్రాములకు సంతకం లేకపోవడం కూడా ఉన్నది. కనుక తీసేముందు దానిని అమ్మినవారిని గాని, యూనియన్ కంప్యూటరు విభాగాన్ని గాని అడగండి. సిఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ వంటి వాటిని బలవంతంగా ఆపితే యంత్రమే కూలబడుతుంది.

మరొకటి. "మీ కంప్యూటరులో వైరసు ఉన్నది, మేము తీసివేస్తాము" అని ఎవరైనా ఫోను చేసి, ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము పెట్టుకోమంటే పెట్టుకోవద్దు. టాస్క్ మేనేజరులోని మామూలు పేర్లనే చూపించి భయపెట్టడం వారి వృత్తి. యంత్రాన్ని వారి చేతికిచ్చామంటే సంఘం ఖాతాను ఇచ్చినట్లే.

నిజంగా వైరసే అని తేలితే ఇంటర్నెట్ వైరు పీకండి, పెన్‌డ్రైవు తీసివేయండి, దానిని వేరే యంత్రంలో పెట్టవద్దు. 2008లో వచ్చిన కాన్ఫికర్ పెన్‌డ్రైవుల ద్వారా కూడా పాకింది. అసలైన ఎస్‌విసి హోస్ట్‌లోనే చేరి నడిచింది కనుక, చిరునామా చూస్తే అంతా సవ్యంగానే కనబడేది. పాల లెక్క చేతితో వ్రాయండి, యూనియనుకు కబురు పెట్టండి, బ్యాంకు రహస్య పదాలు వేరే మంచి యంత్రం నుండి మార్చండి. సొమ్ము పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరగా సభ్యులకు మనవి. వచ్చే సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. మన కంప్యూటరులోని విండోస్‌కు భద్రతా సవరణలు వస్తున్నాయా? విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మామూలు మద్దతు ముగిసింది. వానాక్రైని ఆపే సవరణ అది రావడానికి రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే విడుదలయింది. దానిని వేసుకున్న యంత్రాలలోకి అది ఆ దారిన చొరబడలేకపోయింది. రెండవ ప్రశ్న, మన లెక్కల నకలు కంప్యూటరుకు తగిలించకుండా వేరేచోట భద్రంగా ఉన్నదా? మూడవది, ఏ ఏ ప్రోగ్రాములు ఉండవలసినవో జాబితా వ్రాసి పెట్టారా? యంత్రం బాగున్న రోజున ఆ జాబితా వ్రాసిపెడితే, కొత్త పేరు కనబడిన రోజున పోల్చి చూడడానికి అది పనికివస్తుంది.