చెరువు లెక్క ఎవరి చేతిలో ఉండాలె?

(విద్యానగర్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగపాఠం)



యూనివర్సిటీ క్యాంపస్ నుంచి, తార్నాక హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థులున్నరు. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఊరి సంఘాల వాళ్లున్నరు. చేపల పరిశోధనకూ దళిత ఉద్యమానికీ ఏం సంబంధమని కొందరు గుసగుసలాడుతున్నరు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ బావులు, చెరువులు అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ తన చౌదార్ చెరువును తెరిచామన్నది. కాగితం మీద నీళ్లొచ్చినయి, గొంతులోకి రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టవలసి వచ్చింది. చేపల సంగతీ అట్లాంటిదే.

తెలంగాణలో చెరువులు, కుంటలు కలిపి 46 వేలకు పైనే. వాటి తూము తీసేది, మూసేది, ఏ కాల్వకు ఎంత నీరో పంచేది నీరటి. చాలా ఊళ్లల్ల ఆ నీరటి మన వాడ మనిషే. ఏ ఏడు అలుగు దుంకిందో, ఏ నెలకు తూము రాయి తేలిందో, వల ఎక్కడ తట్టుకుంటదో ఆయనకు ఎరుక. మత్స్యశాఖ కాగితాల్లో ఆయనను అడిగే గడి లేదు. చదువుకున్నోడు రాస్తే శాస్త్రం, నీళ్లల్ల నిలబడ్డోడు చెప్తే ముచ్చట!

2016లో ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పథకం మొదలుపెట్టింది. బొచ్చె, రవ్వ, మృగాల పిల్లలు. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, ఏడాదంతా నీళ్లుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల సైజు అన్నరు. టెండరు దక్కినాయన సంచుల్లో ఆక్సిజన్ పట్టి వ్యాన్లల్ల తెస్తడు. సంచి విప్పి పిల్లలను లెక్కబెట్టి, సంచుల సంఖ్యతో గుణిస్తరు. మేము బడి పంతుళ్లం, గుణకారం తప్పని మేమనం. గని ఆ సంచిని ఎవరు ఎంచాలె? తెచ్చినాయన ఎంచిస్తే లెక్క ఎన్నడూ తక్కువ రాదు. కాబట్టి అయిదు సంచులు ఊరోళ్లే ఎంచాలె. సగటు తియ్యాలె. ఇరవై పిల్లలను గిన్నెల నీళ్లల్ల ఉంచి స్కేలుతో కొలవాలె. ఆరో తరగతి పిల్లలకు చేతనయ్యే పని ఇది. తరువాతనే సంతకం.

అక్కడితో అయిపోదు. నెలకొకసారి విసురు వల వేసి పాతిక చేపలు తూకం వెయ్యాలె. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నయంటే నీళ్లల్ల ఆక్సిజన్ తగ్గిందన్నట్టు, ఆ తేదీ రాయాలె. తూము దగ్గర నీటి లోతు రాయాలె, అది నీరటే చెప్పాలె. పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు దొరికినయా లేదా అన్నది కూడా రాయాలె. వాటిని ఎవరూ పొయ్యలేదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. సొసైటీలో పేరు లేని ఇంట్ల కూర అదే.

సొసైటీ అంటే ఒక మాట. చాలా ఊళ్లల్ల అందులో మాల మాదిగల పేర్లు లేవు. ముదిరాజ్, గంగపుత్ర అన్నదమ్ములతో పంచాయితీ పెట్టుకొమ్మని మేము చెప్పటం లేదు. పిల్లలు తక్కువ పోస్తే ముందు మునిగేది వాళ్లే. లెక్కకు కలిసి కూర్చుంటే, వాటా మాటకూ ఎదురెదురుగ కూర్చునే రోజొస్తది.

ఇది అయ్యే పనేనా అంటరు. నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం వంటి ఏడు కరువు జిల్లాల్లో 2003 తర్వాత భూగర్భజలాల ప్రాజెక్టు నడిచింది. 600కు పైగా ఊళ్లల్ల రైతులే వాన కొలిచిండ్రు, బోర్లల్ల నీటిమట్టం కొలిచిండ్రు, ఆ అంకెలు ముందుపెట్టుకొని ఏ పంట వెయ్యాలెనో మాట్లాడుకున్నరు. అక్షరం రానోళ్లు కూడా కొలిచిండ్రు.

జువాలజీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ఊరికి వస్తే మీ పరిశోధన పత్రం కోసం అంకెలు ఏరుకొని పోవద్దు. రిజిస్టరు ఊళ్లోనే ఉండాలె, మీరు నకలు తీసుకోవాలె. నీరటి పేరు, వల వేసిన మనిషి పేరు అందులో పడాలె.

గీతలు కొట్టిన రిజిస్టర్లు తలుపు దగ్గర ఉన్నయి. ఊరికి రెండు తీసుకుపొండ్రి, ఒకటి సొసైటీకి, ఒకటి వాడకు.