వెనుక మూత విప్పి చూసే అలవాటు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. 1970లో ఎల్.డి.సి.గా చేరి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 36 ఏళ్లు ఫైళ్లు రాసి, 2006 జూన్‌లో రిటైరైన గుమాస్తాను. అయితే చిన్నప్పటి నుండి నాకొక అలవాటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా వెనుక మూత విప్పి చూడాలి. మా నాన్నగారి రేడియో విప్పి మళ్లీ బిగిస్తే రెండు మరలు మిగిలాయి. రేడియో మోగింది గాని నాకు దెబ్బలు తప్పలేదు. ఆ తర్వాత ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, ఆఫీసులోని సైక్లోస్టైల్ యంత్రం, అన్నీ పేచ్‌కస్‌తోనే నేర్చుకున్నాను.

కంప్యూటరు దగ్గర మాత్రం వెనుకాడాను. విప్పితే చిన్న ఫ్యాను తప్ప కదిలేదేమీ కనపడదు. ఈ వయసులో మనకెందుకు అనుకున్నాను. అప్పుడు మన చింతకింది మల్లేశం గారు గుర్తుకొచ్చారు. ఆలేరు దగ్గర శారాజీపేట వారిది. చదివింది ఆరో తరగతి. ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనను ముందుకు నడిపింది సర్టిఫికెట్టు కాదు, ఇంట్లోని అవసరం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఇంజనీరింగ్ చదివే మా మనుమడు ఇంటికి చేరాడు. అప్పటికి నాకు 71 నిండాయి. పైథాన్ నేర్పమని వాణ్ణి అడిగాను. 1991లో నెదర్లాండ్స్ దేశస్థుడు గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన కంప్యూటరు భాష అది, పైసా ఖర్చు లేదు. "తాతా, నువ్వు రాసిందే అది చేస్తది. నీ మనసుల ఏమున్నదో దానికి తెల్వది" అన్నాడు వాడు. "ఇట్లయితే ఇది చేయి, లేకుంటే అది చేయి" అనే వాక్యం చూడగానే నాకు ధైర్యం వచ్చింది. ఫండమెంటల్ రూల్సు చదివిన మనకు అది కొత్తా? ఒక్క కోలన్ మరిచినా, ఆడిట్ అభ్యంతరం లాగా లైను నంబరుతో సహా తప్పు చూపేది.

ఆరు నెలల తర్వాత మన సభ్యుల కోసం ఒక ప్రోగ్రాం రాశాను. మనం కమ్యూట్ చేసిన పెన్షను భాగం 15 ఏళ్ల కోత తర్వాత తిరిగి కలవాలి కదా. ఎవరికి ఏ నెలలో కలవాలో అది జాబితా తీస్తుంది. మొదటి జాబితా తప్పింది. కమ్యుటేషన్ సొమ్ము ముట్టిన తేదీ నుండి లెక్కించాల్సింది, నేను రిటైరైన తేదీ నుండి లెక్కించమని రాశాను. నా మాట నమ్మి ఒక మిత్రుడు గడువుకు నాలుగు నెలల ముందే ఆఫీసుకు వెళ్లి చిన్నబుచ్చుకొని తిరిగొచ్చారు. వారింటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. తప్పు యంత్రానిది కాదు, నాది.

సరిదిద్దిన జాబితాలో ఇంకొక మిత్రుని పేరు వచ్చింది. గడువు దాటి ఐదు నెలలైనా కోత ఆగలేదు. నెలకు 3,200 చొప్పున 16 వేలు. కంటి ఆపరేషన్ డబ్బు లేక వాయిదా వేసుకున్న మనిషి ఆయన. ఇద్దరం కూర్చొని దరఖాస్తు రాశాం. బకాయి వచ్చింది, ఆపరేషన్ అయింది. ఈ రోజు ముందు వరుసలో కూర్చొని నన్ను చూసి నవ్వుతున్నారు.

మిత్రులారా, మీ పి.పి.ఓ. పుస్తకం తీసి, కమ్యుటేషన్ సొమ్ము ముట్టిన తేదీ ఒక కాగితం మీద రాసి నాకివ్వండి. జాబితా వచ్చాక మీరూ ఒకసారి వేళ్ల మీద లెక్క వేసి సరిచూడండి. నేర్చుకోవాలనే వారు ఆదివారం ఉదయం మా ఇంటికి రండి, చాయ్ మా ఆవిడ ఇస్తానన్నది. మనుమల దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడకండి. రెండు మరలు మిగిలినా ఫరవాలేదు, ఈ వయసులో మనల్ని కొట్టేవారెవరూ లేరు.

సెలవు.